తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?

ప్రశ్న: మా ఊళ్లో పదిమంది కుర్రాళ్లం సేవా సంఘం పెట్టుకున్నాం. చెరువుకట్ట మీద కంపచెట్లు కొట్టడం నుంచి పింఛను అర్జీల దాకా భారమంతా నాదే. మిగతావాళ్లు ఫొటోలకు మాత్రం వస్తారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కళ్యాణదుర్గం

జవాబు: సంఘం తాళం చెవి, పద్దు పుస్తకం, అధికారుల ఫోను నంబర్లు అన్నీ మీ దగ్గరే ఉంటే వాళ్లకు ఫొటో తప్ప ఇంకేం మిగిలింది? ముందు పద్దు మరొకరికి అప్పగించండి. తప్పులు రాస్తారు, రాయనివ్వండి.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. దాని సామాజిక తనిఖీకి కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చారు. మస్టరు (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ‘ఇన్ని రోజులు పనిచేశారా, కూలి ముట్టిందా?’ అని అడగడమే వారి పని. ధైర్యం అలాంటి పనిలో వస్తుంది, శిబిరాల భోజనాలతో రాదు.

మీవాళ్లలో ఒకరి చేత వీధిదీపాల ఖర్చు ఎంతో పంచాయతీకి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టించండి. గ్రామస్థాయిలో రుసుము లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చిన కాగితాన్ని గ్రామసభలో చదవాల్సింది కూడా వారే, మీరు కాదు.

అన్నట్టు, మీ పదిమందిలో ఒక్క అమ్మాయీ ఉన్నట్టు లేదు. పొదుపు సంఘంలో లెక్కలు రాసేవారిని పిలవండి. పద్దు పుస్తకం ఎవరికి ఇవ్వాలో వెతుక్కోనక్కరలేదు.