40 రోజుల్లో కాపుకొచ్చే హైబ్రిడ్ కీర ఇంటి తోటలో నిజంగా కాస్తుందా?

కాస్తుంది, కానీ ప్యాకెట్ మీద రాసిన 40-45 రోజులు వెచ్చని నేలలో విత్తితేనే. మట్టి చల్లగా ఉంటే విత్తనం మొలవడానికే వారాలు పట్టి, ఒక్కోసారి కుళ్లిపోతుంది కూడా. మట్టి వేడి 20 డిగ్రీలు దాటాక ఒక సెంటీమీటరు లోతులో నేరుగా నాటేయండి, ఎందుకంటే కీర వేళ్లు కదిలిస్తే తట్టుకోలేవు.

మొదట్లో పూలన్నీ రాలిపోతే టెన్షన్ పడకండి, చాలా రకాల్లో ముందు వచ్చేవి మగపూలే. ఆడపువ్వు కింద చిన్న పిందె కనిపిస్తుంది. అసలు కొనేటప్పుడే చూసుకోవాల్సింది, ఆ రకానికి పరాగ సంపర్కం అవసరమా కాదా అని. అవసరం లేని రకమైతే తేనెటీగలు రాని బాల్కనీలోనూ కాస్తుంది, లేకపోతే పొద్దున్నే మగపువ్వు తెంపి ఆడపువ్వుకి మీరే అద్దాలి.

నీళ్లు ఒకరోజు పోసి మూడు రోజులు మానేస్తే కాయ చేదెక్కే అవకాశం ఎక్కువ. కాపు మొదలయ్యాక రోజు విడిచి రోజైనా కోయండి, ఒక్క కాయ తీగ మీద ముదిరినా కొత్త పిందెలు తగ్గిపోతాయి. విత్తనం దాచుకోవాలనుకుంటే మాత్రం వద్దు, హైబ్రిడ్ విత్తనం మళ్లీ అదే రకంగా రాదు.