ఇంటి ధర, వీధి గొడవలు, నిఘా: ఈ మూడు భయాల్ని మేం ఎలా విడదీసుకున్నాం

మీ ప్రశ్న ఇదీ: రాత్రి ఫోన్ తెరిస్తే ఎక్కడో ఒకచోట గొడవలు, ప్రభుత్వం అందరి మీదా కన్నేసి ఉంచిందన్న వార్తలు, వాటికి తోడు లోన్ తీసుకుని కొన్న ఇంటి ధర తగ్గుతూ వస్తోంది, నిద్ర పట్టడం లేదు, మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు అని. చదివి ఊరుకోలేకపోయాను. నాలుగేళ్ళ కిందట నేను అచ్చం ఇలాగే ఉన్నాను.

ముందు ఇంటి సంగతి. మేం 20 ఏళ్ళ లోన్ మీద ఫ్లాట్ కొన్నాం. ఐదేళ్ళు గడిచాక మా పై అంతస్తులో అచ్చం మాలాంటి ఫ్లాటే, మేం కొన్న ధరలో ఐదో వంతు తక్కువకి అమ్ముడుపోయింది. ఆ మాట విన్న రోజు నుంచి నాకు ఒక అలవాటు పట్టుకుంది. పొద్దున లేవగానే మా ఏరియాలో అమ్మకానికి పెట్టిన ఇళ్ళ ధరలు చూసేదాన్ని. తగ్గితే ఆ రోజంతా దిగులు. పెరిగినా నమ్మకం ఉండేది కాదు.

ఒకరోజు మావారు బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని, "అసలు మనం ఎక్కడున్నామో ఒకసారి లెక్క వేద్దాం రా" అన్నారు. ఇంటి ధర 100 అనుకుంటే మేం చేతి నుంచి పెట్టింది 20, లోన్ 80. వడ్డీ 9 శాతం. ఇలాంటి లోన్‌లో మొదటి నెల కట్టే ఈఎంఐలో నూటికి 83 వంతులు వడ్డీకే పోతాయి, అసలుకు జమ అయ్యేది 17 వంతులే. ఐదేళ్ళు క్రమం తప్పకుండా కట్టినా అసలులో దాదాపు 89 శాతం అలాగే ఉంటుంది. అంటే మా 80లో ఇంకా 71 బాకీ. ఇల్లేమో 80కి దిగింది. ఐదేళ్ళ కష్టం తర్వాత ఆ ఇంట్లో మాది అని చెప్పుకోగలిగింది 9 మాత్రమే. ఆ అంకె చూసి ఏడ్చాను. ఇంకో పది తగ్గితే ఇల్లు అమ్మినా బాకీ తీరదు.

కానీ ఆ కాగితం మీదే ఇంకో విషయం కూడా తెలిసింది. ఇంటి ధర తగ్గినా మా ఈఎంఐ మారలేదు. మేం అమ్మడం లేదు. వర్షం వస్తే తడవకుండా ఉంటున్నాం, పిల్ల స్కూలుకి నడిచి వెళ్తోంది. ధర పడితే నష్టం నిజంగా చేతికి తగిలేది, అమ్మక తప్పని పరిస్థితి వచ్చినవాళ్ళకి. ఉద్యోగం పోవడం, జబ్బు, దంపతులు విడిపోవడం, మారే వడ్డీ ఒక్కసారిగా పెరగడం. ఇవే మనిషి చేత ఇల్లు అమ్మిస్తాయి. కాబట్టి నేను రోజూ చూడాల్సింది ఇంటి ధర కాదు, జీతం ఆగిపోతే ఎన్ని నెలలు ఈఎంఐ కట్టగలం అన్నది. అప్పుడు మా దగ్గర రెండు నెలలకే ఉంది. దాన్ని తొమ్మిది నెలలకు తీసుకురావడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో ఇంటి ధర ఇంకా కాస్త తగ్గింది, నా నిద్ర మాత్రం మెల్లగా తిరిగొచ్చింది.

"ఎప్పటికైనా పెరుగుతుందిలే" అని ధైర్యం చెప్పేవాళ్ళు మీకూ ఉంటారు. నేను ఆ మాట చెప్పను. అమెరికాలో 2006 నుంచి 2012 మొదటి వరకు ఇళ్ళ ధరలు సగటున నాలుగో వంతుకు పైగా పడి, మళ్ళీ పాత స్థాయికి చేరడానికి 2016 వరకు పట్టింది. ఐర్లండ్‌లో 2007 తర్వాత సగానికి సగం పోయాయి, ఆనాటి స్థాయి మళ్ళీ వచ్చింది 2022లో. పదిహేనేళ్ళు! జపాన్‌లో 1991 ప్రాంతంలో మొదలైన భూముల ధరల పతనం దశాబ్దానికి పైగా సాగింది. కోలుకోవడం జరుగుతుంది, కానీ మన రిటైర్మెంట్ తేదీ చూసుకుని రాదు. అందుకే ఇంటి ధర మీద పిల్ల చదువు, ముసలితనం అన్నీ ఆనించి పెట్టొద్దని గట్టిగా చెప్తున్నాను. ధర ఇంకా పడకముందే బ్యాంకుకి వెళ్ళి వడ్డీ తగ్గించమని అడగండి. బాకీ కన్నా ఇంటి విలువ తక్కువైపోయాక వేరే బ్యాంకుకి లోన్ మార్చుకోవడం చాలా కష్టం, ఎందుకంటే కొత్త బ్యాంకు ఇప్పటి ధరే చూస్తుంది.

మా చెల్లెలు అన్న ఒక మాట కూడా చెప్పాలి. తను పదేళ్ళుగా అద్దె ఇంట్లోనే ఉంది. నేను ఫోన్లో బాధపడుతుంటే కాసేపు విని, "అక్కా, నువ్వు ఏమీ అనుకోకపోతే చెప్తాను, మాకు ఇల్లు కొనుక్కోగలమన్న ఆశ వచ్చింది ఇప్పుడే" అంది. నాకు చాలాసేపు మాట రాలేదు. నన్ను నిద్రపోనివ్వని అంకె మా సొంత చెల్లెలికి తలుపు తీసింది. అప్పటి నుంచి "రేట్లు పడిపోతున్నాయి, అంతా నాశనం" అనడం మానేశాను.

ఇక గొడవల సంగతి. ఒకరాత్రి పదకొండు దాటాక మా కాలనీ గ్రూపులో మెసేజ్ వచ్చింది, వందల మంది గుంపు మనవైపు వస్తోందని. ఐదు నిమిషాల్లో ఇంకో ఇరవై మెసేజ్‌లు. ఎవరో మంటల ఫొటో పెట్టారు. లైట్లన్నీ ఆర్పేసి, పిల్లని మధ్య గదిలో పడుకోబెట్టి తెల్లవారేదాకా కూర్చున్నాం. పొద్దున తెలిసింది ఏమిటంటే, రెండు వీధుల అవతల ఇద్దరి మధ్య తగాదా ముదిరి ఒక బండి తగలబెట్టారు. గుంపు ఇరవై మందికి మించి లేదు. ఫొటో అసలు ఆ రాత్రిది కాదు.

ఆ రాత్రి గురించి నన్ను ఇప్పటికీ బాధపెట్టేది వేరే ఉంది. మా పైన ఒక రిటైర్డ్ మాస్టారు ఒంటరిగా ఉంటారు. గ్రూపులో లేరు. లైట్లు ఆరిపోవడం, జనం గుసగుసలు విని ఆయన తలుపు పక్కన కుర్చీ వేసుకుని తెల్లార్లూ కూర్చున్నారట. ఆయన తలుపు తట్టాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. పొద్దున మెట్ల మీద కనిపించి, "ఏం జరిగిందమ్మా?" అని అడిగారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

తర్వాత దీని గురించి చదివినప్పుడు 1995 జూలైలో షికాగోలో వచ్చిన వడగాడ్పుల సంగతి తెలిసింది. 700 మందికి పైగా చనిపోయారు, వారిలో చాలామంది ఒంటరిగా ఉంటున్న వృద్ధులు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త పక్కపక్కనే ఉన్న రెండు పేటల్ని పోల్చి చూశారు. రెండూ పేదవే, వృద్ధులు ఒంటరిగా ఉండడం రెండింటిలోనూ ఉంది. కానీ వీధుల్లో జనం తిరుగుతూ, దుకాణాలు నడుస్తూ, ఒకరినొకరు పలకరించుకునే పేటలో చావులు ఎంతో తక్కువ. 2005లో కత్రినా తుఫాను అప్పుడు అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో జరిగింది దీనికి రెండో వైపు. స్టేడియంలో తలదాచుకున్నవాళ్ళ మధ్య హత్యలు, అత్యాచారాలు పెద్ద ఎత్తున జరిగిపోతున్నాయని ప్రచారమైంది. తర్వాత చూస్తే వాటిలో చాలావాటికి ఆధారమే దొరకలేదు. ఆ భయంతో కొన్నిచోట్ల సాయం అందడమే ఆలస్యమైంది.

గొడవలు జరగవని నేను అనడం లేదు. జరుగుతాయి, మనుషులు పోతారు. కానీ మనం భయపడే మోతాదుకీ జరిగేదానికీ పొంతన ఉండదు. అమెరికాలో హింసాత్మక నేరాలు 1993 నుంచి 2022కి దాదాపు సగానికి తగ్గాయి. అయినా ఆ మధ్యకాలంలో చాలా సంవత్సరాలు సర్వేల్లో ఎక్కువమంది, దేశంలో నేరాలు పెరిగాయనే చెప్పారు. మీ సొంత ఏరియాలో పెరిగాయా అంటే మాత్రం ఔనన్నవాళ్ళు తక్కువ. కళ్ళతో చూసేది ఒకటి, స్క్రీన్ మీద చూసేది ఇంకొకటి.

మేం చేసిన మార్పు చిన్నది. మా బ్లాకులోని పద్నాలుగు ఇళ్ళలో ఎవరుంటారు, ఎవరికి నడక కష్టం, ఎవరు రోజూ మందులు వేసుకోవాలి అని ఒక కాగితం మీద రాసి నాలుగు ఇళ్ళలో ఉంచాం. ఏదైనా వార్త వస్తే, చూసినవాళ్ళు ఎవరో తెలిస్తేనే గ్రూపులో పెట్టాలి. ఇంటి కాగితాల నకళ్ళు, నెల మందులు, కొంత నగదు ఒక సంచిలో సర్ది ఉంచుకున్నాను. ఆ సంచి ఉందని తెలిసినప్పటి నుంచి దాని గురించి ఆలోచించడం లేదు.

నిఘా విషయంలో నేను చేసిన తప్పు చెప్పాలి. ఆ రాత్రి తర్వాత అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. గేటు దగ్గర, మెట్ల దగ్గర కెమెరాలు పెట్టాలన్నారు. ఒకాయన లేచి, "కెమెరాలు లేకపోతే ఇక్కడ ఫ్లాట్ల రేటు ఇంకా పడిపోతుంది" అన్నాడు. ఆ మాట వినగానే నేనూ చెయ్యెత్తాను. గుంపు భయం, ధర భయం రెండూ కలిసి నా చెయ్యి లేపాయి. ఆ క్షణంలో నిఘా నాకు భయంగా కాదు, మందులా కనిపించింది.

మూడు నెలలు తిరక్కముందే, కింద అద్దెకుండే కుర్రాడి ఇంటికి రాత్రి వేళ వచ్చిన స్నేహితుల బొమ్మల్ని కెమెరా నుంచి తీసి ఎవరో గ్రూపులో పెట్టారు. "వీళ్ళెవరు? ఈ టైంలో ఇక్కడేం పని?" అని. అతనిది రాత్రి షిఫ్టు ఉద్యోగం, స్నేహితులు కలిసేది ఆ వేళకే. మరుసటి రోజు నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, నేనేం తప్పు చేశాను?" అని అడిగాడు. ఏమీ చెయ్యలేదు నాయనా అన్నాను. కానీ గ్రూపులో ఆ మాట రాయడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఇంకో రెండు నెలలకి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు.

అప్పుడు గాని నాకు ప్రభుత్వ నిఘా అంటే ఏమిటో అర్థం కాలేదు. "నేనేమీ దాచడం లేదు, చూసుకుంటే చూసుకోనీ" అని అదివరకు అనేదాన్ని. ఆ కుర్రాడు కూడా ఏమీ దాచలేదు. చూసేవాడికి ఏం అనిపిస్తుందో మన చేతిలో ఉండదు. తూర్పు జర్మనీలో స్టాసీ అనే రహస్య పోలీసు విభాగానికి 1989 నాటికి 91,000 మంది పూర్తికాలం సిబ్బంది ఉండేవారు, వాళ్ళకి తోడు లక్షకు పైగా మామూలు మనుషులు ఇరుగుపొరుగు మీద కబుర్లు చేరవేసేవారు. 1992 నుంచి ప్రజలు తమ ఫైళ్ళు తాము చదువుకునే వీలు కలిగినప్పుడు, స్నేహితులు, ఇంట్లోవాళ్ళు కూడా తమ గురించి రాసిచ్చారని కొందరికి తెలిసింది.

ఇప్పుడు అంతమంది మనుషులు అక్కర్లేదు. 2013లో, అమెరికా నిఘా సంస్థ కోసం పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాల వల్ల, అమెరికా ప్రభుత్వం తన పౌరుల ఫోన్ రికార్డుల్ని కుప్పలుగా సేకరిస్తోందని తెలిసింది. మాటలు కాదు, ఎవరు ఎవరికి ఎప్పుడు ఎంతసేపు చేశారు అన్నవి. అవి చాలు. అదే సంవత్సరం వచ్చిన ఒక పరిశోధనలో, 15 లక్షల మంది ఫోన్ల కదలికలు చూస్తే, ఏ టైంలో ఎక్కడున్నారో నాలుగు సందర్భాలు తెలిసినా నూటికి 95 మందిని మిగతావారి నుంచి విడిగా గుర్తుపట్టగలిగారు. మెసేజ్‌లోని మాటలు ఎవరికీ కనబడకుండా తాళం వేసే యాప్ వాడినా, ఎవరితో ఎప్పుడు మాట్లాడామన్న జాడ ఎక్కడో ఒకచోట మిగులుతుంది.

దీనికి మనమేం చెయ్యగలం అంటారా? ఫోన్లో లొకేషన్ అవసరం లేని యాప్‌లకి దాన్ని తీసేశాను, ఒక సాయంత్రం పని. కానీ అసలు సంగతి అది కాదు. అమెరికాలో ఆ ఫోన్ రికార్డుల సేకరణకు చట్టంలో అనుమతి లేదని 2015లో ఒక అప్పీలు కోర్టు తేల్చింది, అదే ఏడాది చట్టం మార్చి ఆ పద్ధతి ఆపించారు. అడిగినవాళ్ళు ఉన్నారు కాబట్టి జరిగింది. 1948 నాటి మానవ హక్కుల విశ్వ ప్రకటనలోనే 12వ అధికరణం మనిషి ఏకాంతంలో, ఇంట్లో, ఉత్తరాల్లో అకారణంగా జోక్యం చేసుకోకూడదంది.

నేను ముందు మా గేటు దగ్గరే అడిగాను. బొమ్మలు ఎవరు చూస్తారు? ఎన్నాళ్ళు ఉంచుతారు? ఎవరు అడిగితే ఇస్తారు? తప్పుగా వాడితే ఎవరికి చెప్పుకోవాలి? ఆరు నెలలు వాదించాక, పదిహేను రోజులకి చెరిపెయ్యాలని, ఇద్దరు కలిసి తెరిస్తే తప్ప చూడకూడదని, ఎందుకు చూశారో పుస్తకంలో రాయాలని ఒప్పుకున్నారు. మెట్ల దగ్గర కెమెరా తీసేశారు. ఆ మీటింగ్‌లో మాస్టారు కూడా లేచి మాట్లాడారు. ప్రభుత్వం ఏ కొత్త పథకం కోసం మన వివరాలు అడిగినా నేను ఇప్పుడు ఈ నాలుగు ప్రశ్నలే వేస్తాను, వేలిముద్ర అయినా ముఖం ఫొటో అయినా. జవాబు దొరకనప్పుడు రాతపూర్వకంగా అడుగుతాను.

మీరు మూడింటినీ ఒకే వాక్యంలో రాశారు. నేనూ అప్పట్లో అలాగే చెప్పేదాన్ని. అవి కలిసి ఉన్నంతసేపు ఒకదాన్ని చూపించి ఇంకోదానికి ఒప్పిస్తారు, ధర పేరు చెప్పి నా చేత చెయ్యెత్తించినట్టు. రాత్రి టెన్షన్ వచ్చినప్పుడు, ఇప్పుడు వచ్చింది ఈ మూడింటిలో ఏ భయమో, ఆ ఒక్కదాని పేరే పెట్టి చూడండి. పడుకునే గంట ముందు ఫోన్ వేరే గదిలో పెట్టండి. వారం రోజులు నిద్ర సరిగా పట్టకపోతే డాక్టర్‌ని కలవడం వాయిదా వెయ్యకండి, నేను నాలుగు నెలలు ఆలస్యం చేసి ఒళ్ళు పాడుచేసుకున్నాను.

ఇంటి విషయంలో మాత్రం మీ వివరాలు తెలియకుండా ఇంకేమీ చెప్పలేను. మీ లోన్ మారే వడ్డీదా, మారనిదా? ఎన్నేళ్ళు కట్టారు, ఎన్నేళ్ళు మిగిలింది? చేతిలో ఎన్ని నెలల ఈఎంఐ ఉంది? మొత్తాలు రాయనక్కర్లేదు, నేను వేసినట్టు ఇంటి ధర 100 అనుకుని అంకెలు రాస్తే చాలు. ఆదివారం మావారితో కలిసి కూర్చుని చూసి జవాబు రాస్తాను.