4294967297 ప్రైమ్ కాదండి, 641తో తెగుద్ది

2³²కి ఒకటి కలిపితే వచ్చే 4294967297 ప్రైమేనా, మా అబ్బాయి 500 దాకా భాగించి చూసి వదిలేశాడు అన్నారు కదండీ. ఆయ్, ఇంకాస్త ఓపిక పట్టుంటే దొరికేసేది, 641 దగ్గర తెగుద్ది. బాబుని ఏమీ అనకండి, ఫెర్మా అంతటి లెక్కల పండితుడే ఇది ప్రైమ్ అనుకున్నాడు, 1732లో ఆయిలర్ అనే ఇంకో లెక్కల పండితుడు కాదని పట్టుకున్నాడు.

అసలు అన్ని ప్రైమ్‌లతో కుస్తీ పట్టక్కర్లేదు. దీన్ని భాగించే ప్రైమ్ ఏదైనా సరే 64 ఎక్కానికి ఒకటి కలిపినట్టే ఉండాలి, అంటే 193, 257, 449, 577, 641, ఐదో దెబ్బకే పడిపోద్ది.

భాగహారం లేకుండా కూడా తేల్చొచ్చు, మొన్న ముమ్మిడివరంలో కరెంటు పోతే అరుగు మీద కూర్చుని అట్టముక్క మీద చేశాను. కొబ్బరికాయలు 641 చొప్పున రాశులు పోస్తున్నాం అనుకోండి. 641 అంటే 5×128+1, కాబట్టి 5×2⁷ కాయలుంటే రాశికి ఒకటి తక్కువ, శేషం -1 అన్నమాట. దాన్ని నాలుగో పవర్ చేస్తే 5⁴×2²⁸, శేషం 1. ఇటు చూస్తే 641 అంటే 625+16 కూడా, 625 అంటే 5⁴, దాని శేషం -16 అంటే -2⁴. ఇక్కడే ఉంది మజా, 5⁴ తీసేసి ఆ ప్లేసులో -2⁴ పెట్టేయండి, -2³² శేషం 1 అయిపోద్ది, అంటే 2³² శేషం -1, ఒకటి కలిపితే సున్నా!

భాగఫలం 6700417, అది మాత్రం ప్రైమే, మళ్ళీ దాని మీద పడొద్దని బాబుకి చెప్పండి.