ఫొటో వెనక చూశావా?

చిరంజీవికి,

నువ్వు పంపిన రచన రెండుసార్లు చదివాను. మీ తాతగారి ఫొటోలో కుడి చివర నిలబడ్డ ఆవిడెవరో ఇంట్లో ఎవరికీ తెలియదన్నావు. రెండో పేరాకల్లా ఆవిడకి ఒక విఫల ప్రేమ, ఒంటరి ముసలితనం అంటగట్టేశావు. వాక్యాలు బాగున్నాయి. కానీ ఆవిడ నిజంగా బతికిన మనిషమ్మా. ఎవరో వెతక్కుండానే ఆవిడ మీద కథ అల్లడం నాకు నచ్చలేదు.

నేనూ ఒకప్పుడు ఇలాగే తొందరపడ్డాను. మా ఇంట్లో ఒక ఫొటో వెనక పెన్సిల్‌తో ‘అత్తయ్య’ అని రాసుంది. మా నాన్నకి అత్తయ్య కాబోలనుకుని ఆవిడ మీద వ్యాసం రాశాను, అచ్చయింది కూడా. తర్వాత పాత ఉత్తరాలు తిరగేస్తుంటే అదే చేతిరాత కనిపించింది. అది మా నానమ్మది! అంటే ఆవిడ నానమ్మకి అత్తగారు, నేననుకున్నదానికి ఒక తరం పైమనిషి. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అందుకే ఫొటో వెనక ఏముందో చూడు. ఏమైనా రాసుంటే, రాసిందెవరో ముందు తేల్చుకో.

తర్వాత చూడాల్సింది, ఫొటో ఏ కాలంలోదో. దళసరి అట్టకి అంటించి, నాలుగుంపావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల ఎత్తు ఉంటే అది క్యాబినెట్ కార్డ్ అనే పాతకాలపు స్టూడియో ఫొటో కావచ్చు. అవి 1860ల్లో వాడుకలోకి వచ్చాయి. పల్చటి ఇనుప రేకు మీద తీసిన టిన్‌టైప్ అయితే బొమ్మ అద్దంలోలా తిరగబడి ఉంటుంది, పాపిడి ఏ వైపుందో చూసి మోసపోకు.

నాకు ఎక్కువగా పనికొచ్చింది మాత్రం ఫొటోలో ఉన్న పిల్లలే. ముందు పళ్ళు ఊడిన పిల్లాడికి ఆరేడేళ్ళుంటాయి. వాడు 1931లో పుట్టాడని నీకు తెలిస్తే ఫొటో 1937, 38 ప్రాంతంలోది. అప్పటికే పోయినవాళ్ళనీ, ఇంకా కోడలిగా రానివాళ్ళనీ లెక్కలోంచి తీసేయొచ్చు. మిగిలేది ముగ్గురో నలుగురో.

పోలికల్ని అంతగా నమ్మకు. అక్కచెల్లెళ్ళ పిల్లలు కూడా అచ్చు గుద్దినట్టుంటారు. రెండు ఫొటోలు పోల్చాల్సొస్తే చెవుల ఆకారం చూడు. ఎదిగాక మొహం మారినంతగా అది మారదు.

వచ్చే నెల మీ పెద్దమ్మ దగ్గరికి వెళ్తున్నావుగా. ‘ఈవిడ ఫలానా ఆవిడేనా?’ అని మాత్రం అడగొద్దు. మన ఆత్రం చూసి పెద్దవాళ్ళు అవునంటారు. ఫొటో చేతికిచ్చి ఊరుకో. ముందు వేరే ఎవరి గురించో చెప్తారు, విను. ఫోన్‌లో రికార్డ్ చేయడానికి ఒప్పుకుంటే చెయ్యి. బాబాయిని కూడా అడగాలంటే విడిగా అడుగు, ఒకరి మాట ఇంకొకరి జ్ఞాపకంలో కలిసిపోతుంది.

ఎంత వెతికినా పేరు దొరక్కపోతే, దొరకలేదనే రాయి. ఆవిడ చెయ్యి మీ తాతగారి కుర్చీ మీద ఉందన్నావు, వేళ్ళు బిగబట్టి ఉన్నాయన్నావు. నీ రచన మొత్తంలో నా మనసులో నిలిచింది ఆ ఒక్క వాక్యమే, తెలుసా! దాన్ని మాత్రం తీసెయ్యకు.

అసలు ఫొటో వెంట తీసుకెళ్ళకు. స్కాన్ చేయించి, మొత్తం ఫొటో ఒకటి, ఆవిడ మొహం మాత్రం పెద్దగా ఇంకొకటి ప్రింట్ తీయించు. పెద్దమ్మ ఏమన్నారో రాస్తావు కదూ, నాకూ ఆవిడెవరో తెలుసుకోవాలనుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు