టెక్ సందేహాలు: అనవసరంగా ఆగిపోయి, అవసరమైనప్పుడు ఆగని రైలు బూస్టర్

ప్రశ్న: ఆర్డుయినో మెగా (ప్రోగ్రాము రాసుకోగల చిన్న కంట్రోలర్ బోర్డు), దానిపై అమర్చే మోటార్ షీల్డ్ ఆర్3 వాడి నా హెచ్‌ఓ స్కేలు మోడల్ రైళ్లకు డీసీసీ (పట్టాల ద్వారానే ఇంజిన్లకు కరెంటూ ఆదేశాలూ పంపే డిజిటల్ పద్ధతి) బూస్టర్, అంటే పట్టాలకు కరెంటు అందించే పరికరం, తయారు చేసుకున్నాను. సౌండ్ డీకోడర్ (ఆదేశాలను అందుకుని శబ్దాలు కూడా చేసే సర్క్యూట్) ఉన్న ఇంజిన్లు మూడు పెట్టినప్పుడు, ఒకసారి షార్ట్ అయితే, దాన్ని తొలగించాక కూడా బూస్టర్ ఆన్, ఆఫ్ అవుతూనే ఉంటోంది. ప్రోగ్రాములో కరెంటు పరిమితిని 3 ఆంపియర్లకు పెంచాను. ఇప్పుడు 10 మీటర్ల వైరు చివర ఉన్న స్టేషన్ దగ్గర పట్టాలు షార్ట్ అయినా అది ఆగడం లేదు. వైరు 0.2 చదరపు మిల్లీమీటర్లది. ఏం చేయాలి? - ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ముందుగా ఆ పరిమితిని 2 ఆంపియర్లకు తగ్గించండి. మీ షీల్డ్‌పై ఉన్న ఎల్298 చిప్ ఒక్కో ఛానెల్‌కు నిరంతరంగా ఇవ్వగలిగింది అంతే. బాగా వేడెక్కితే ఆగిపోయే ఏర్పాటు దానిలో ఉంది గాని, కరెంటు మితిమీరితే తనంతట తాను ఆగే ఏర్పాటు లేదు కనుక ఆ కాపలా మీ ప్రోగ్రామే కాయాలి.

మీరు చెప్పిన రెండు లక్షణాలకూ కారణాలు వేరు. డీసీసీలో ఇంజిన్ కదలకపోయినా పట్టాలపై సుమారు 15 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. పట్టాలపై మురికి వల్ల క్షణకాలం సరఫరా తెగినా శబ్దం ఆగకూడదని సౌండ్ డీకోడర్లకు పెద్ద కెపాసిటర్లు జోడిస్తారు. బూస్టర్ ఆగినప్పుడు అవి ఖాళీ అవుతాయి. సరఫరా తిరిగి రాగానే మూడు ఇంజిన్లలోనివీ ఒక్కసారిగా నిండడానికి తీసుకునే కరెంటు, ఆ కొద్ది మిల్లీసెకన్ల పాటు, నిజమైన షార్ట్ సర్క్యూట్‌కు ఏమీ తీసిపోదు. అయితే కెపాసిటర్ నిండేకొద్దీ కరెంటు తగ్గుతుంది, షార్ట్‌లో తగ్గదు. అందువల్ల ప్రోగ్రాము ఎంత కరెంటు అన్నదానితో పాటు ఎంతసేపు అన్నది కూడా చూడాలి.

మీ చిప్ 10 మిల్లీసెకన్ల పాటు 2.5 ఆంపియర్ల వరకు ఓర్చుకోగలదు. అంతలోపు కరెంటు 2 ఆంపియర్ల కిందికి దిగితే వదిలేయండి, దిగకపోతే ఆపేయండి, 2.5 దాటితే ఒక్క క్షణం కూడా చూడకుండా ఆపేయండి. మొదటి కొన్ని పునఃప్రయత్నాలు వెంటవెంటనే జరగాలి, ఎందుకంటే ప్రతి ప్రయత్నంలోనూ కెపాసిటర్లు కొంత నిండుతాయి, ఎక్కువ విరామం ఇస్తే ఆ నిండినది కాస్తా ఖాళీ అయిపోతుంది. అవీ విఫలమైతే అప్పుడు విరామం పెంచుతూ పోవచ్చు. కొలిచే వేగం గురించి బెంగ అక్కర్లేదు: షీల్డ్ ఒక్కో ఆంపియర్‌కు 1.65 వోల్టులు చూపిస్తుంది, అంటే 2 ఆంపియర్ల వద్ద ఆర్డుయినోలో (0 నుంచి 1023 వరకు ఉండే కొలతలో) మీకు కనిపించే అంకె దాదాపు 676, ఒక్కో కొలతకు పట్టేది సుమారు 0.1 మిల్లీసెకను. కాకపోతే అంకెలు నిలకడగా కనిపించాలని వందల కొలతల సగటు తీసే అలవాటు ఇక్కడ చేటు చేస్తుంది.

ఇక దూరపు షార్ట్ సంగతి. మీ వైరు 10 మీటర్లు పోయి, 10 మీటర్లు రావాలి. ఆ మందానికి దాని నిరోధమే 1.75 ఓములు. పట్టాల జాయినర్లు (ముక్కలను కలిపే లోహపు క్లిప్పులు), సన్నని ఫీడర్లు (ప్రధాన లైను నుంచి పట్టాలకు వెళ్లే వైర్లు) కలిసి మరో 2.5 ఓములు ఉన్నాయనుకుందాం. చిప్‌లోనే 3 వోల్టులు పోతాయనుకుంటే, మిగిలిన 12 వోల్టులకు ఆ దారిలో ప్రవహించేది 2.8 ఆంపియర్లు. మీరు పెట్టిన పరిమితి 3. బూస్టర్ దృష్టిలో అది షార్ట్ కానే కాదు, బరువైన రైలు మాత్రమే. ఈలోగా దాదాపు 33 వాట్లు ఆ వైర్లలోనూ జాయింట్లలోనూ వేడిగా మారుతూ ఉంటాయి; మనం వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే. పరిమితి తగ్గించినంత మాత్రాన ఊరుకోకుండా, ఇళ్ల వైరింగ్‌కు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరును ప్రధాన లైనుగా వేయండి. అదే దూరానికి దాని నిరోధం 0.14 ఓములే. ప్రతి మీటరు, రెండు మీటర్లకు ఒక పొట్టి ఫీడరును పట్టాలకు సోల్డర్ చేయండి, జాయినర్లను నమ్ముకోవద్దు.

తరువాత బూస్టర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న చోట రెండు పట్టాల మీదుగా ఐదు రూపాయల నాణెం పెట్టి చూడండి. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే కనుక అది సులభంగా ఆనుతుంది. బూస్టర్ తక్షణం ఆగాలి. లేఅవుట్‌లో ప్రతి మూలా ఇలా పరీక్షించాలి. మామూలు మల్టీమీటర్ ఏసీ రేంజిలో చూపించే అంకెతో నిర్ణయానికి రావద్దు. అది 50 హెర్ట్జ్ కరెంటుకు తగినట్టు తయారైనది, డీసీసీ సంకేతం సెకనుకు వేలసార్లు దిశ మారుతుంది.

ప్రశ్న: రివర్స్ లూప్‌లోకి (రైలు చుట్టు తిరిగి వచ్చిన దారిలోనే వెనక్కి చేరే పట్టాల వలయం) రైలు వెళ్లగానే ఆటో రివర్సర్ పనిచేయకముందే బూస్టర్ ఆగిపోతోంది. రెండూ కొన్నవే. - మరొక పాఠకుడు, విజయవాడ

జవాబు: లూప్ మొదట్లో చక్రాలు రెండు వేర్వేరు ధ్రువాలను కలపడం వల్ల వచ్చే షార్ట్‌ను గమనించే రివర్సర్ ధ్రువాలను మారుస్తుంది. కాబట్టి దాని కరెంటు పరిమితి బూస్టర్ పరిమితి కంటే తక్కువగా, స్పందన మరింత వేగంగా ఉండాలి. రివర్సర్‌లో ఆ పరిమితిని మార్చే అమరిక ఉంటే ముందు దానిని తగ్గించండి. షార్ట్ అయ్యాక బూస్టర్ ఆగడానికి తీసుకునే వ్యవధిని పెంచే సెట్టింగ్ ఉంటే అది ఆ తరువాతి మాట. లూప్ పొడవు మీ అతి పొడవైన రైలు కంటే ఎక్కువగా ఉందో లేదో కూడా చూడండి. లోహపు చక్రాలున్న పెట్టెలు రెండు చివరలనూ ఒకేసారి దాటుతుంటే, ధ్రువాలు ఎన్నిసార్లు మారినా ఏదో ఒక చివర షార్ట్ మిగులుతూనే ఉంటుంది.