చిన్నబడిలో ఉగాది: పెద్దమ్మ రాసిన ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ముప్పై మంది పిల్లలు, అందరూ మూడేళ్ళకీ ఆరేళ్ళకీ మధ్యవాళ్ళు, బడిలో ఉగాది ఎలా చేయించాలని అడిగావు. ముందు వేదిక, మైకు, ఫ్లెక్సీ, ముఖ్య అతిథి ఈ నాలుగూ నీ కాగితంలోంచి కొట్టెయ్. అతిథి ఎప్పుడూ గంట ఆలస్యంగానే వస్తారు, ఈలోగా పిల్లలు ఎండలో కూర్చుని ఏడుస్తారు. ఈ వయసుకి పండగంటే చేత్తో ముట్టుకునేదీ నాలుక మీద పెట్టుకునేదీ. ఆకు, పువ్వు, పచ్చడి ఉంటే చాలు.

ఏ రోజు చేయాలో చూసుకో. పండగనాడు సెలవు. ముందురోజు అమావాస్య, ఆ రోజు పండగేమిటని ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ముఖం చిట్లిస్తారు. నన్నడిగితే పండగ మర్నాడు బడి తెరిచినప్పుడు పెట్టుకో. చైత్రం వచ్చేసి ఉంటుంది, తల్లులకి పండగ పని హడావుడి తీరి ఉంటుంది. మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు కాబట్టి ఎనిమిదింటికి మొదలెట్టి తొమ్మిదిన్నరకల్లా ముగించు. ఆ తర్వాత ఎండకి పిల్లలూ ఆగరు, పచ్చడీ ఆగదు.

ఉగాది ఏటా ఒకే తేదీకి రాదని గుర్తుంచుకో. 2023లో మార్చి 22న వచ్చింది. ఆ ఏడు అధిక శ్రావణం పడటంతో 2024లో ఏప్రిల్ 9కి జరిగింది. 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. త్వరగా వచ్చిన ఏడు వేప ఇంకా సరిగ్గా పూయదు, మామిడి పిందెలు చిన్నవిగా ఉంటాయి. అలాంటప్పుడు వేప మొగ్గలతో, లేత చిగురుతో సరిపెట్టుకోవాలి. వారం ముందే ఊళ్ళో ఏ చెట్టు పూసిందో చూసి పెట్టుకో.

వేపపువ్వు రోడ్డు పక్క దుమ్ములో ఉన్న చెట్టుదీ, మందు కొట్టే చేను గట్టు మీదదీ వద్దు. పొద్దున్నే కొమ్మ కింద పాత పంచె పరిచి మెల్లగా దులిపితే విచ్చిన పువ్వు రాలుతుంది. కాడలు, ఆకులు, పురుగులు ఏరేసి, ఒక్కసారి నీళ్ళలో ముంచి తీసి గుడ్డ మీద ఆరబెట్టు. పువ్వు తెల్లగా ఉండాలి. అచ్చం వేపలాగే ఉండి, లేత ఊదారంగు పూలు పూసే చెట్టు ఇంకొకటి ఉంది. దాని కాయలు విషం. దాని పువ్వుగానీ ఆకుగానీ పిల్లల దగ్గరకి రానివ్వకు.

ఇక పచ్చడి. ముప్పై మందికి తలా రెండు చెంచాలంటే లీటరు చాలు. కొత్త చింతపండు వంద గ్రాములు, బెల్లం నాలుగు వందల గ్రాములు, నీళ్ళు లీటరు, చిన్న పుల్లమామిడికాయ ఒకటి, కొబ్బరి అరచిప్ప, ఉప్పు ఒక చెంచా, మిరియాల పొడి అరచెంచా. ఇళ్ళల్లో వేసుకునే పచ్చిమిరపకాయ ఈ పిల్లలకి వద్దు. చెయ్యి కంటికి పోతే ఆ పూటంతా ఏడుపే. చింతపండు అరగంట నానబెట్టి పిసికి, బెల్లం అందులోనే కరిగించి, రెండూ కలిపి పల్చటి గుడ్డలో వడకట్టు. చింతగింజ, పీచు, బెల్లంలోని ఇసుక, చెరకు పిప్పి అన్నీ పైన ఉండిపోతాయి. విడివిడిగా వడకట్టేవాళ్ళు ఒకటి మరిచిపోతారు, ఆ ఇసుక పిల్లల పళ్ళ కింద పడుతుంది. బెల్లం తళతళలాడే పసుపురంగుది కొనకు. ఆ రంగు కోసం మందు కలుపుతారు. ముదురు రంగుదే తీసుకో.

మామిడికాయ తొక్కతోనే, గోరులో సగం ఉండేంత సన్నగా తరుగు. కొబ్బరి మాత్రం తురుమే వెయ్యి. మన కోనసీమలో కొబ్బరి ముక్కలు వెయ్యకపోతే పచ్చడే కాదంటారు, కానీ మూడేళ్ళ పిల్లకి ముక్క గొంతుకి అడ్డం పడుతుంది. పుట్నాలూ, జీడిపప్పూ అదే కారణంతో వద్దు. చక్కెరకేళి అరటిపండు వేస్తే పిల్లలు ఇష్టంగా తింటారు, అయితే పంచే ముందు చిదిమి కలుపు. ముందే వేస్తే నల్లబడి జిగురొస్తుంది.

రాత్రే కలిపి పెట్టుకుంటే తెల్లారేసరికి పైన నురగ కడుతుంది, పులిసిన వాసన వస్తుంది. చింతపండు రసం, బెల్లం తురుము, ముక్కలు వేటికవే పెట్టుకుని, బడికొచ్చాకే రసంలో బెల్లం కరిగించి వడకట్టి ముక్కలు కలుపు. కలిపిన మూడు గంటల్లో అయిపోవాలి. గిన్నె స్టీలుది గానీ మట్టికుండ గానీ వాడు. కళాయి లేని ఇత్తడిలోనూ, అల్యూమినియంలోనూ పులుపు పొయ్యకూడదు. కొత్త కుండైతే ముందురోజంతా నీళ్ళు పోసి నాననివ్వు, లేకపోతే మట్టివాసన పచ్చడికి పట్టేస్తుంది.

వేపపువ్వు మాత్రం కుండలో వెయ్యకు. వేసిన పావుగంటకి చేదు పచ్చడంతా పాకుతుంది, మొదటి చెంచాకే సగం మంది ఉమ్మేస్తారు, మిగతా సగం వాళ్ళని చూసి నోరు మూసుకుంటారు. పువ్వు పళ్ళెంలో విడిగా పెట్టి, ఎవరి చెంచాలో వాళ్ళనే రెండు రేకులు వేసుకోమను. తానే వేసుకున్న చేదుని పిల్ల మింగుతుంది. ఎవరైనా వద్దంటే వదిలెయ్. ముక్కు మూసి పోసే పద్ధతి ఉగ్గుగిన్నెతోనే పోవాలి.

పంచే ముందు ఆరు రుచుల ఆట ఆడించు. ఆరుగురిని ఒక్కో జట్టుగా కూర్చోబెట్టు, ఒక్కసారిగా ముప్పై మందితో కాదు. ఆరు చిన్న పళ్ళేల్లో బెల్లం, చింతపండు, కళ్ళుప్పు, మిరియాల పొడి, వేపపువ్వు, మామిడికాయ తొక్క. మిరియాల పొడి తడివేలికి అంటుకున్నంతే. చివర్న తొక్క నమిలిస్తే నాలుక పట్టుకుపోతుంది చూడు, వగరు అంటే అదేనని అప్పుడు చెప్పు. మిగతా ఐదూ పిల్లలకి ఇంట్లోనే తెలుస్తాయి, వగరు మాత్రం ఎవరో ఒకరు చూపించాలి. చేతిలో ఒక అద్దం పెట్టావంటే వాళ్ళ ముఖాలు వాళ్ళే చూసుకుని నవ్వుకుంటారు.

మామిడాకులు ముందురోజు సాయంత్రం కోయించి, అరగంట బకెట్టు నీళ్ళలో ముంచి ఉంచు. ఎర్రచీమలు తేలిపోతాయి, కాడ దగ్గర కారే సొన పోతుంది. ఆ సొన తగిలితే లేత చర్మం పొక్కుతుంది. మూడడుగుల గుమ్మానికి పదిహేను ఆకులు పడతాయి. చిన్నవాళ్ళు తడిగుడ్డతో ఆకు తుడిచి లెక్కపెడతారు. ఐదేళ్ళు దాటినవాళ్ళు ఆకుని తాడు మీదుగా మడిచి కొబ్బరి ఈనె గుచ్చుతారు. ఈనెలు నువ్వే రెండంగుళాల ముక్కలు చేసి ఇవ్వు, పొడుగువి ఇస్తే పక్కవాడి కంట్లో పొడుస్తారు. స్టేప్లరు వద్దు, ఊడిన పిన్ను నేల మీద పడి కాలికో నోటికో వెళ్తుంది. ఒక తోరణం గుమ్మానికి కట్టి, ఇంకొకటి రెండు కిటికీల మధ్య పిల్లల భుజం ఎత్తున కట్టు. తాము కట్టింది తాము తాకాలి కదా.

ముగ్గు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. రాతిముగ్గు కళ్ళలో మండుతుంది, బియ్యప్పిండి వాడు. మూడు వరసలు మూడేసి చుక్కలు నువ్వు పెడితే వాళ్ళు రేకులు నింపుతారు. కడియపులంక నుంచి వచ్చే బంతిపూలు కిలో చాలు.

పంచాంగ శ్రవణం పేరుతో రాశిఫలాలు చదివించకు. ఆదాయం, వ్యయం ఆ వయసుకెందుకు? ఏడాది పేరొకటి చెప్పు, ఆపైన ఎవరు ఏ పేరుగల ఏడాదిలో పుట్టారో కార్డు మీద రాసి ఇవ్వు. 2020 మార్చి 25 నుంచి శార్వరి, 2021 ఏప్రిల్ 13 నుంచి ప్లవ, 2022 ఏప్రిల్ 2 నుంచి శుభకృత్, 2023 మార్చి 22 నుంచి శోభకృత్. జనవరిలో పుట్టిన పిల్లకి ముందు ఏడాది పేరే వస్తుంది. తప్పు జరిగేది ఇక్కడే, అందుకే పుట్టినతేదీ రిజిస్టరు పక్కన పెట్టుకుని రాయి. తర్వాత కోయిల ఆట. గదిలో ఒక మూల పిల్లలు కూస్తే ఇంకో మూలవాళ్ళు బదులు కుయ్యాలి. ఐదు నిమిషాలే, ఆ పైన గోల.

మన ఊళ్ళ బళ్ళలో చర్చికి వెళ్ళే పిల్లలూ, మసీదుకి వెళ్ళే పిల్లలూ ఉంటారు. పూర్తిగా ప్రభుత్వ ఖర్చుతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెప్తోంది. కాబట్టి పూజ ఇళ్ళకి వదిలి, బడిలో చిగురూ, రుచులూ, కొత్త ఏడూ పట్టుకో. బొట్టు అందరికీ పెట్టెయ్యకు, కావాలన్నవాళ్ళకే.

తల్లిదండ్రులకి చీటీలో మూడు మాటలు రాయి. కొత్తబట్టలు అక్కర్లేదు, ఒక్కొక్కరు నాలుగు మామిడాకులు పంపితే చాలు, ఏదైనా తింటే పడని పిల్ల ఉంటే ముందే చెప్పండి. చింతపండూ బెల్లం అందర్నీ తెమ్మనకు. పాత చింతపండు ఒకరు, తడిసిన బెల్లం ఒకరు తెస్తే పచ్చడి నల్లగా వస్తుంది. బూరెలు ఇంటి నుంచి పంపిస్తామంటే చల్లారినవే పంపమను. పైన చల్లబడినా లోపలి పూర్ణం చాలాసేపు కాలుతూనే ఉంటుంది.

అయిపోయాక పిల్లల చేతులూ మూతులూ కడిగించు, బెల్లం మరక మీద ఈగలు, చీమలు మూగుతాయి. మిగిలిన పచ్చడి సీసాల్లో పోసి ఇళ్ళకి పంపకు, దారిలోనే పులిసిపోతుంది. అరటిబోదె దగ్గర పారబోసి, కుండ అప్పుడే కడిగించి బోర్లించు. తోరణాలు వారంలో తీసెయ్యి, ఎండిన ఆకుల్లో సాలీళ్ళు చేరతాయి.

ఇట్లు,
నీ పెద్దమ్మ