నీ కథలోని సాసర్ గురించి

అమ్మాయీ,

నీ కథలో తండ్రీకొడుకులు కోఠిలో పాత పుస్తకాలు బేరమాడే చోటు నాకు నచ్చింది. వాళ్లు ఇరానీ హోటల్లోకి వెళ్లగానే కథ ఆగిపోయింది. పాలరాతి బల్ల, ఉస్మానియా బిస్కట్లు, గల్లా దగ్గర సేఠ్, గోడకు అద్దం అంటూ అన్నీ ఏకరువు పెట్టావు. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు ‘ఇరానీ చాయ్’ అంటే చాలు, ఈ సామానులో సగం వాళ్ల బుర్రే తెచ్చుకుంటుంది.

చాదస్తం కొద్దీ అనడం లేదు. 1971లో మేయర్, ష్వానెవెల్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు జంటలుగా అక్షరాల గుంపులు చూపించి, రెండూ నిజమైన మాటలేనా అని అడిగారు. ‘రొట్టె, వెన్న’ జంటకు జవాబు త్వరగా వచ్చింది. ‘నర్సు, వెన్న’ జంటకు ఆలస్యమైంది. ఒక మాటను లేపితే దాని చుట్టాలూ సగం లేచి కూర్చుంటారన్నమాట. వాళ్లను నువ్వు మళ్లీ పేరు పేరునా పిలవక్కర్లేదు.

అలాగని వింత మాటలు పట్టుకొచ్చి పాఠకుణ్ణి అదరగొట్టమని కాదు. ఆ జబ్బు ఇప్పుడు చాలామందికి ఉంది. 1980లో కుటాస్, హిల్‌యార్డ్ ఏం చూశారంటే, వాక్యం చివర పొసగని మాట పడితే మెదడు విద్యుత్ తరంగాల్లో సుమారు 400 మిల్లీసెకన్ల దగ్గర ఒక ప్రత్యేకమైన స్పందన కనిపిస్తుంది. పాఠకుడు తడబడ్డాడంతే, అందులో మన గొప్పేమీ లేదు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసింది 2006లో నెదర్లాండ్స్‌లో న్యూలాండ్, వాన్ బెర్కమ్ చేసిన ప్రయోగం. ఒక వేరుశనగ గింజ పాడుతూ, ఆడుతూ, తాను కలిసిన అమ్మాయి గురించి చెప్పుకుంటుంది. అలాంటి చిన్న కథ వినిపించాక, ‘ఆ గింజ ప్రేమలో పడింది’ అంటే మెదడు పెద్దగా ఉలిక్కిపడలేదు. ‘ఆ గింజకు ఉప్పు పట్టించారు’ అంటేనే ఎక్కువ తడబడింది! నాలుగు వాక్యాలతో గింజ అర్థమే మారిపోయింది. కథకులకు ఇంతకన్నా ఏం కావాలి?

నీ కథలో ఆ పని చేయగలిగింది సాసర్. మొదటి పేజీలో, ఇంట్లో, ఆ తల్లి తన చాయ్‌లో సగం సాసర్‌లో పోసి భర్త ముందుకు జరిపే అలవాటు చూపించు. ఆమె జబ్బుపడ్డాక ఇంకోసారి చూపించు, క్లుప్తంగా. అప్పుడు హోటల్లో ఆయన ఖాళీ సాసర్‌ను పక్క కుర్చీ వైపు జరిపితే, అది పింగాణీ ముక్కగా మిగలదు. ‘భార్య గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి’ అన్న వాక్యం కొట్టెయ్.

చార్మినార్ రంజాన్ రాత్రి వర్ణన పేజీన్నర ఉంది. హలీం బట్టీ ఒక్కటి ఉంచు, మిగతాది తీసెయ్. మార్చాక పోస్టులోనే పంపు. ఫోన్‌లో చదవాలంటే నా కళ్లు మొరాయిస్తున్నాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు